ఆరో బిస్కెట్టు

పంచదార వేయకుండా, ఖర్జూరం గుజ్జు తీపితోనే చేసిన బిస్కెట్టును రేపు మా బేకరీ యజమానికి రుచి చూపించాలి. ఆయనకు నచ్చకపోతే నా ఉద్యోగం ఉండదు.

ఐదుసార్లు పాళ్లు మార్చి కాల్చాను. తినీ తినీ నా నాలుక మొద్దుబారింది. నా భార్యకు ఇస్తే ఐదుసార్లూ "బాగుందండీ" అంది.

"తీపి ఎక్కువైందా, తక్కువైందా? ఉన్నదున్నట్టు చెప్పి ఏడువు!"

"సరిపోయిందండీ."

నాకు ఒళ్లు మండింది. ఆరోదానిలో ఖర్జూరం బదులు చింతపండు గుజ్జు కలిపి కాల్చి ఇచ్చాను. మొత్తం తినేసింది.

"అన్నిటికంటే ఇదే బాగుందండీ."

"అది చింతపండు, మహాతల్లీ!"

ఆమె తల వంచుకుంది.

"మొన్న జ్వరం తగ్గిన దగ్గర్నుంచీ నాకు ఏ రుచీ తెలియడం లేదండీ. మీ మొహం చూసే చెబుతున్నాను. ఇది ఇచ్చేటప్పుడు మీరు నవ్వారు."