పాత తాళంచెవి

2009 జూన్. ఒమాన్‌లో బహ్లా ఊరు దాటాక ఒక ఖర్జూర తోటలో, చీకటి పడ్డాక, కార్ల తాళంచెవులు చేసే జిలాని ఆ తోట యజమాని అయిన అర్బాబ్ కారుకు ల్యాప్‌టాప్‌తో కొత్త తాళంచెవి ప్రోగ్రామ్ చేశాడు. పాతదాన్ని పనిమనిషి మల్లీశ్వరి ఎత్తుకుని పారిపోయిందని అర్బాబ్ చెప్పాడు. ఆమెది కడప. జిలానిదీ కడపే.

వేరే తాళంచెవితో కారు స్టార్టవకుండా ఆపే ఇమ్మొబిలైజర్ కొత్త తాళంచెవిని గుర్తుపట్టింది. కారు స్టార్టయింది. లాక్ మాత్రం పడలేదు. నొక్కినప్పుడల్లా బీప్ అంది. లోపల ఇంకో తాళంచెవి ఉంటే ఆ కారు లాక్ కాదు.

సీట్ల కింద వెతికాడు. లేదు. ఇక మిగిలింది డిక్కీ. అర్బాబ్ దాని మీద కూర్చున్నాడు.

జిలాని ల్యాప్‌టాప్ వైపే చూస్తూ తెలుగులో అన్నాడు. "మల్లీశ్వరమ్మా, లోపలుండావా? ఉంటే బటన్ నొక్కు మా."

కొత్త తాళంచెవి బానెట్ మీద ఉంది. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. కారు నాలుగు మూలల లైట్లూ వెలిగి ఆరాయి.

అర్బాబ్ ఆ లైట్లను చూశాడు. "పాత చాబీ డిలీట్ చెయ్. నీ బతాకా చూపించు."

బతాకా అంటే లేబర్ కార్డు. జిలానిది గడువు తీరి ఏడు నెలలైంది. అతను పాత తాళంచెవిని కారు మెమరీలోంచి చెరిపేశాడు. అర్బాబ్ మళ్లీ కార్డు అడగలేదు.

కారు ఒక్క నొక్కుకే లాక్ అయింది. డిక్కీలో ఎవరో బటన్ నొక్కుతున్న చప్పుడు వినిపించింది. లైట్లు వెలగలేదు.

"ఇందాక నీ భాషలో ఏమన్నావ్ భాయ్?"

"దువా, అర్బాబ్. కొత్త చాబీకి చదువుతాం."

"ఆమీన్" అన్నాడు అర్బాబ్.