అటో ఇటో తేలని రాష్ట్రం

"ఒక్కటి, దీనా. ఈ షిఫ్టులో ఒక్క సర్వే అయినా పూర్తి కాకపోతే వచ్చే వారం రోటాలో నీ పేరుండదు. సారీ," అన్నాడు సూపర్‌వైజర్ ఫ్రెడీ. లండన్ శివారు క్రోయిడన్‌లో పుట్టిన కుర్రాడు. సారీ మాత్రం భలే అందంగా చెబుతాడు.

రోటా అంటే డ్యూటీల పట్టిక. అందులో పేరు లేకపోతే జీతం లేదు, ఫ్లాటు ఖాళీ చెయ్యాల్సిందే. కొత్తగా చేరిన దీనా నీరసంగా మళ్ళీ హెడ్‌ఫోను తగిలించుకుంది. పని చెప్పుకోవడానికి గొప్పదే. అమెరికా ప్రెసిడెంటు ఎన్నికల్లో అటో ఇటో తేలని పెన్సిల్వేనియా రాష్ట్రం జనానికి లండన్ నుంచి ఫోన్ చేసి, ఓటెవరికని అడగాలి. ఇవాళ ఫోనెత్తినవాళ్ళలో సగం మంది తిట్టి పెట్టేశారు. మిగతా సగం తిట్టకుండా పెట్టేశారు.

కంప్యూటరు ఇంకో నంబరు కలిపింది. మొదటి రింగుకే ఎవరో ఎత్తారు. దీనా ఇంగ్లీషులో గడగడా పాఠం అప్పజెప్పింది.

"తెనాలి వైపు పిల్లవా?" అంది అవతలి గొంతు, తెలుగులో.

దీనాకి ప్రాణం లేచొచ్చింది. "అవునాంటీ! ఎలా కనిపెట్టారు?"

"ఇంగ్లీషు కప్పుకుంటే ఊరు దాగుతుందా తల్లీ? నా పేరు అలివేలుమంగ. అన్నం తిన్నావా?"

"లేదాంటీ. ఓటు ఎవరికేస్తారో చెప్పండి ముందు."

"పెళ్ళయిందా?"

"ఆంటీ, ఓటు..."

"గొంతెండిపోయింది నీకు. మంచినీళ్ళు తాగిరా. నేనెక్కడికీ పోను."

దీనా తాగింది.

"ఇప్పుడు చెప్పు. ఏ పార్టీ అంటే నీ ఉద్యోగం నిలుస్తుంది?"

"నేను చెప్పకూడదాంటీ. మీరేదో ఒకటి చెప్పండి చాలు."

"అయితే ఇంకా తేల్చుకోలేదని రాసుకో. గుమ్మంలోకొచ్చినవాళ్ళనీ, ఫోన్లోకొచ్చినవాళ్ళనీ ఒట్టి చేతులతో పంపడం నాకు చేతకాదు."

మిగతా ప్రశ్నలన్నిటికీ ఆవిడ ఓపిగ్గా జవాబులు చెప్పింది. సర్వే పూర్తయినట్టు తెర మీద పచ్చ గీత వెలిగింది. ఫ్రెడీ దూరం నుంచే బొటనవేలెత్తి చూపించాడు. గండం గడిచింది.

పక్క సీట్లో హెప్సి బల్లకి తలానించి ఉంది. రాత్రంతా ముసలివాళ్ళ కేర్ హోమ్‌లో డ్యూటీ చేసి తిన్నగా ఇక్కడికొచ్చిన మనిషి. ఆమెకీ ఇవాళ ఒక్కటీ కాలేదు. దీనాకి జాలేసింది.

"అక్కా, ఈ నంబరు చూడు. ఎవరికీ చెప్పకు. చేస్తే ఎత్తుతుంది," అంది గుసగుసగా.

హెప్సి ఒక కన్ను తెరిచి చూసింది. "అలివేలుమంగ ఆంటీయేగా? ఈ వారం నా వంతైపోయింది. నీకేం చెప్పింది?"

"ఇంకా తేల్చుకోలేదంది."

"మొన్న నాకు ఒక పార్టీ అంది. నిన్న ఆ చివరి సీటు బేబీకి రెండోదంది." హెప్సి ఆవలించి మళ్ళీ కన్ను మూసింది. "ఆ రాష్ట్రంలో పోటీ హోరాహోరీగా ఉందని టీవీలో పెద్దపెద్దవాళ్ళు కొట్టుకుంటున్నారే, ఆ హోరాహోరీ అంతా ఈవిడొక్కతే."