కూయని పెట్టె

శ్రీదివ్య చేసిన పెట్టె కూయడం లేదు.

జిల్లా సైన్స్ ఫెయిర్ జరుగుతున్న హాలు. చివరి కిటికీ పక్కన బల్ల మీద చెప్పుల డబ్బా అంత పెట్టె. దానికో చిన్న ఫ్యాను, ఒక ఎర్ర బల్బు. గాలిలో మిరప దుమ్ము ఎక్కువైతే బల్బు వెలగాలి, పెట్టె కూయాలి. తొమ్మిదో తరగతి పిల్లలు శ్రీదివ్య, ఉజ్మా నాలుగు నెలలు కూర్చుని చేశారు.

జడ్జీలు మధ్యాహ్నం వస్తారన్నారు. పదకొండింటికే దిగారు. ఉజ్మా వాళ్ళ నాన్న రసూల్ ఫోన్ చేసి చెబితే, శ్రీదివ్య తల్లి కోటేశ్వరి పని సగంలో వదిలేసి ఆటో ఎక్కింది. నల్లపాడు రైల్వే గేటు పడితే, ఇక ఆ రైలు ఈరోజుకు రాదనుకుంది. డ్రైవరు సెల్లు చూసుకుంటుంటే, లారీ కిందికి పోవడం ఖాయమనుకుంది. రైలూ వచ్చింది, ఆటో కూడా క్షేమంగానే చేరింది.

స్కూలు కుళాయి దగ్గర ఆగి ముఖం, మెడ, మోచేతుల దాకా చేతులు కడుక్కుంది. మళ్ళీ కడుక్కుంది. తీసుకెళ్దామని వచ్చిన ఉజ్మా నవ్వింది.

"ఏంటాంటీ, పెళ్ళికొచ్చినట్టు ఆ కడుక్కోవడం! కుట్టుపని మధ్యలో లేచొచ్చారా?"

"ఆఁ. ఎండన పడి వచ్చానే తల్లీ. చెమట."

హాలు గుమ్మం దాకా వచ్చి అక్కడే ఆగిపోయింది కోటేశ్వరి. "నేనిక్కడే ఉంటాలే. నువ్వు పో."

ఆ పెట్టె అంటే ఆమెకు మొదట్నుంచీ భయం. అసలు ఆమెకు భయం కానిదేది? కుక్కరు మూడో విజిల్ వేస్తే వీధిలోకి పోతుంది. ఉరిమితే టీవీ ప్లగ్గే కాదు, గోడ గడియారం కూడా తీసి మంచం మీద పెడుతుంది. ఇక పెట్టె సంగతి చెప్పాలా? పేలితే ఎట్లా, కొంప అంటుకుంటే ఎట్లా అని గోలచేసి, దాన్ని ఉజ్మా వాళ్ళింట్లోనే పెట్టించింది. ఒకసారి చూపిద్దామని కూతురు గడప దాకా తెస్తే, దొడ్డిదారిన పక్కింటికి పోయింది.

"మూడు పెన్సిల్ సెల్లులమ్మా! వాటికి షాకేంటి?" అని పడీపడీ నవ్వింది శ్రీదివ్య.

"సెల్లయినా కరెంటేగా. నా దగ్గరికి తేబాకు!"

గళ్ళ చొక్కా జడ్జి పెట్టె మీదికి వంగాడు.

"ఏదమ్మా, కూయించు."

"కారం ఉంటే కూస్తుంది సార్. హెడ్మాస్టరుగారు లోపలికి తేనివ్వలేదు," అంది శ్రీదివ్య.

పోయినేడాది ఎవడో అగ్నిపర్వతంలో కారం పోసి పేల్చాడు. హాలు హాలంతా తుమ్ముకుంటూ బయటపడింది. ఈసారి గేటు దగ్గర సంచులు తడిమి మరీ పంపిస్తున్నారు.

జడ్జి నల్లబల్ల డస్టరు తెచ్చి పెట్టె ముందు దులిపాడు. తెల్లటి పొడి లేచింది. పెట్టె కిక్కురుమనలేదు.

"సుద్దకి కూయదు సార్, మిరప దుమ్ముకే కూస్తుంది," అంది ఉజ్మా.

"దేనికీ కూయని పెట్టె నేనూ చేస్తానమ్మా!"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. రాష్ట్ర పోటీకి తిరుపతి వెళ్ళేది ఒక్క ప్రాజెక్టే. శ్రీదివ్య ముక్కు ఎర్రబడింది. ఏడుపు దానికి కళ్ళలోకి రాకముందే ముక్కు మీదికి వస్తుందని కోటేశ్వరికి తెలుసు.

జడ్జి పెన్ను మూత తీశాడు.

పిల్ల ఓడిపోతే రెండు రోజులు అన్నం మానేస్తుంది. అన్నం మానేస్తే కళ్ళు తిరుగుతాయి. కళ్ళు తిరిగి మెట్ల మీద పడితే? కోటేశ్వరి వెళ్ళిపోదామని ఒక అడుగు వెనక్కి వేసింది కూడా. మళ్ళీ ఆ ముక్కు వైపు చూసింది. కోటప్పకొండ స్వామికి మనసులో దణ్ణం పెట్టుకుని, తిన్నగా బల్ల దగ్గరికి నడిచింది.

"నువ్వెందుకొచ్చావమ్మా? నీకు భయం కదా!"

"పక్కకి జరుగు నువ్వు."

పెట్టెకు ఆనుకుని నిలబడింది. కళ్ళు గట్టిగా మూసుకుంది. నడుముకు దోపిన కొంగు లాగి, ఆ చిన్న ఫ్యాను ముందు ఫటఫటా దులిపింది. జడ ముందుకు వేసుకుని అది కూడా విదిలించింది.

"ఏమ్మా, పెట్టెకి దిష్టి తీస్తున్నారా?" అన్నాడు జడ్జి.

ఎర్ర బల్బు వెలిగింది. పెట్టె కూసింది. ఆ కూతకు హాలు దద్దరిల్లింది. పక్క బల్ల మీది సౌరకుటుంబంలోంచి శనిగ్రహం ఊడి దొర్లుకుంటూ పోయింది. ఉజ్మా ఎగిరి గంతేసింది. జడ్జి రెండు చెవులూ మూసుకుని అరిచాడు.

"ఆపండమ్మా, ఒప్పుకున్నాం! తిరుపతి పోయి కూయించుకోండి!"

అందరూ చప్పట్లు కొట్టారు. కోటేశ్వరి ఒక కన్ను తెరిచి చూసింది. ఏదీ పేలలేదు.

శ్రీదివ్య స్విచ్చు ఆపి, తల్లి మెడ చుట్టూ చేతులేసింది. కొంగు వాసన చూసి, పెద్దగా తుమ్మి, చెవిలో అడిగింది.

"ఆయాసంతో ఆసుపత్రిలో పడ్డప్పుడు, మిరపకాయల తొడిమలు తీసే పనికి ఇక పోనని నా నెత్తిన చెయ్యి పెట్టి ఒట్టేశావు కదమ్మా, మరి కుట్టుపనికని చెప్పి రోజూ నువ్వెళ్తున్నదెక్కడికి?"