పెట్టెకు వినపడేలా

ఇప్పుడు ఏ ఇంట్లోనైనా, అలర్జీ బిళ్ళ మింగినవాళ్ళకు ఆస్తమాకు పీల్చే పంపు కూడా ఇవ్వాలంటే, గోడలోని మందుల పెట్టె ముందు ఇంట్లో ఇంకొకరి మాట అడుగుతుంది.

ఎండుమిరపకాయల పోపు ఘాటుకు అత్తగారు హారికకు ఆయాసం ముంచుకొచ్చింది.

"పొద్దున అలర్జీ బిళ్ళ ఇచ్చాను. ఈ ఆయాసం నిజమేనా?" అంది పెట్టె.

కోడలు ఆద్య తాపీగా చేతులు తుడుచుకుంది. కొత్తకాపురంలో తనకు ఊపిరాడనప్పుడు ఇదే ప్రశ్నకు అత్తగారు చెప్పిన జవాబు ఆమె మరిచిపోలేదు.

"నాటకం. పని ఎగ్గొట్టడానికి," అంది అప్పుడు హారిక.

ఆ రోజు పెట్టె తెరుచుకోలేదు.

"నిజమే," అంది ఆద్య. పెట్టె తెరుచుకుంది. ఆమె పంపు తీసి గుప్పిట్లో బిగించింది.

"ఆ రోజు నాది నాటకమేనా అత్తయ్యా?"

హారిక కాదన్నట్టు తలాడించింది.

"తలాడిస్తే పెట్టెకు వినపడదు. నోటితో చెప్పండి."