నకిలీ ఫోను

"మూత తియ్యకురా, బాబూ," అంది వరహాలమ్మ, తెచ్చిన స్టీలు డబ్బాని కొడుకు బల్ల మీద పెడుతూ.

డబ్బాలో ఉన్నది ఆమె ఫోను. మొన్న వాట్సాప్‌లో ఎవరిదో పెళ్ళి శుభలేఖ వస్తే నొక్కింది. అలాంటివి దొంగ శుభలేఖలనీ, నొక్కితే బ్యాంకులో ఉన్నదంతా ఊడ్చుకుపోతాయనీ పక్కింటి జగదాంబ ఇవాళ పొద్దున్నే చెప్పింది. వరహాలమ్మ చూస్తే, భర్త పింఛను తప్ప వేరే ఆధారం లేని మనిషి. గుండె జారిపోయి, ఫోనుని డబ్బాలో పెట్టి, తనుండే జుగ్సలాయి నుంచి కొడుకుండే గోవింద్‌పూర్‌కి ఆటోలో పరిగెత్తుకొచ్చింది.

"డబ్బాలో ఎందుకు పెట్టావు?"

"స్టీలు కదేటి. దొంగోడు బయటికి రానేడు."

రాజ్‌కిరణ్ నవ్వలేకపోయాడు. ఫోన్లలో, కంప్యూటర్లలో దూరే దొంగ ప్రోగ్రాముల గుట్టు విప్పడమే అతని ఉద్యోగం. అలాంటి ప్రోగ్రామొకటి సొంత తల్లి ఫోనులోకే దూరింది.

"ఎవరి పెళ్ళో తెలీకుండా ఎందుకు నొక్కావమ్మా?"

"ఎవులో ఒకలు నన్ను పిలిసినారు కదా అని."

అతను గబగబా బ్యాంకుకి ఫోన్ చేశాడు. వింటూ వింటూ కుర్చీలో వెనక్కి వాలిపోయాడు.

"కుఛ్ నహీ గయా, అమ్మా. పైసా పోలేదు. ఖాతాకి తాళం కూడా వేయించేశాను."

వరహాలమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "పైడితల్లమ్మే కాసింది. రవ్వంత టీ ఎట్టు నాయనా, పొద్దున్నించి ఏటీ తాగనేదు."

ఇద్దరి ప్రాణాలూ కుదుటపడ్డాయి. టీ తాగుతుంటే మాత్రం రాజ్‌కిరణ్‌ని ఒకటే ప్రశ్న తొలిచేసింది. ఇంట్లో దూరిన దొంగ ఏమీ ముట్టుకోకుండా ఎందుకు కూర్చున్నాడు?

తల్లి ఫోనులోంచి శుభలేఖని లాప్‌టాప్‌లోకి ఎక్కించుకుని, ఫోనుని మళ్ళీ డబ్బాలో పెట్టి మూసేశాడు. లాప్‌టాప్‌లోనే ఉత్తుత్తి ఫోనొకటి తయారుచేసి, అందులో ఆ శుభలేఖని తెరిచాడు. అది కిక్కురుమనలేదు.

"ఇది బొమ్మ ఫోనని కనిపెట్టేసిందమ్మా. నాలాంటివాళ్ళు ఇలా పరీక్ష పెడతారని వాళ్ళకీ తెలుసు. నిజం ఫోనైతేనే పని మొదలెడుతుంది."

"దానికెలా తెలుత్తాదిరా?"

"వహీ తో దేఖ్నా హై. అదే చూడాలి."

బొమ్మ ఫోను నిండా పేర్లు, ఫొటోలు, మెసేజ్‌లు పెట్టాడు. అయినా ఉలుకూ పలుకూ లేదు. ఈసారి ప్రోగ్రాము వేసే ప్రతి అడుగు దగ్గరా ఒక కాపలా పెట్టి నడిపించాడు. నోరు మూసుకునే ముందు అది తనలో తాను వేసుకున్న ప్రశ్న తెర మీద దొరికింది. దాన్ని చదివి, బొమ్మ ఫోనులో ఒక్కటంటే ఒక్కటి మార్చాడు. శుభలేఖ చటుక్కున లేచి, మెసేజ్‌లన్నీ తోడెయ్యడం మొదలెట్టింది.

"దొరికాడు," అన్నాడు ఉత్సాహంగా.

వరహాలమ్మ హాయిగా నవ్వింది. "మరి నాది నిజం ఫోనే కదేటి. నన్నెందుకు వొదిలేసినాడు? ముసల్దాన్నని జాలేటి?"

రాజ్‌కిరణ్ నవ్వుతూ మళ్ళీ డబ్బా మూత తీసి, తల్లి ఫోను తెరిచాడు. అందులో దాచుకున్నవి నాలుగైదు పేర్లు. మొదటి పేరు 'బాబు'. ఆ పేరు నొక్కి, వచ్చిన కాల్స్ చూసి, మళ్ళీ లాప్‌టాప్ వైపు చూశాడు. అతని మొహంలో నవ్వు లేదు.

తెర మీద ప్రశ్న అలాగే ఉంది: ఈ నెలలో దాచుకున్న పేర్లలో ఒక్కరైనా ఫోన్ చేశారా? చెయ్యకపోతే, ఇది మనుషులు వాడే ఫోను కాదు.