బల్లకు ఆనని తొడ

ముందు జరిగినవి:

1. హర్డిల్స్ పోటీ రోజు ఉదయం మా అన్న కూతురు, నేను కండరాలు పరీక్షించే బల్ల అంచున వెల్లకిలా పడుకుంది.
2. ఎడమ మోకాలిని గుండెలకు హత్తుకుని, కుడి కాలిని కిందికి వదిలింది.
3. కుడి తొడ బల్లకు ఆనాలి. ఆనలేదు.

"కొత్తల్లుడిలా బెట్టు చేస్తోంది బాబాయ్, దిగదు," అని నవ్వింది.

నేను నవ్వలేదు. రోజంతా కుట్టు మిషను ముందు కూర్చుని పనిచేసే పిల్ల. తుంటి ముందు కండరాలు బిగుసుకుపోయాయి. అలాంటి తుంటితో హర్డిల్ దూకితే లాగుడంతా తొడ వెనుక కండ మీద పడుతుంది. అది తెగవచ్చు.

"ఈసారి వద్దమ్మా. ముందు తుంటి సాగనీ."

"ఫస్టు వస్తే స్పోర్ట్స్ కోటాలో గవర్నమెంటు ఉద్యోగం బాబాయ్. ఓడినా ఆ మిషను ముందు కుర్చీయే, కండ తెగినా ఆ కుర్చీయే. నువ్వు ఆపినా అదే కుర్చీ. గెలిస్తేనే కదా లేచేది?"

పరుగెత్తమన్నాను.

చివరి హర్డిల్ మీద కండ తెగింది. పడుతూనే గీత దాటింది, అందరికంటే ముందు. ఇక పరుగు మాట మరిచిపొమ్మన్నాడు డాక్టరు.

ఉద్యోగంలో ఇవాళ చేరింది. చూడడానికి వెళ్లాను. బస్ స్టేషనులో టికెట్ల కిటికీ. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కూర్చుని చేసే పని. అద్దం వెనుక నుంచి నన్ను చూసి, కూర్చున్నచోటే అటూ ఇటూ జరిగి చూపించింది.

"ఈ కుర్చీకి చక్రాలున్నాయి బాబాయ్. ఇకమీదట పరుగు దీనిదే."

సాయంత్రం ఆరున్నర.
ఆమె బాబాయి, ఆమె కోచ్