పోల్చడానికి ఇంకొకరు

టంగుమని ఒక రాయి. వెంటనే మరో రెండు. ఆ తర్వాత లెక్క తెలియలేదు; రేకుల కప్పంతా ఒకటే మోత.

నంటేజా అవ్వ తన మంచం కిందికి దూరి, ఎండుటాకుల మూటను గుండెలకు హత్తుకుంది. ఆ ఇంటికి ఒకటే తలుపు. ఆ తలుపు ముందే ఊరంతా ఉంది.

“బయటికి రావే ముసలీ! నీ కషాయం తాగే కదా పిల్ల పోయింది! రాకపోతే కొంపతో సహా తగలబెడతాం!”

సలోంగో గొంతు. మూడు రోజుల కిందట, పిల్లకు జ్వరమని ఇదే గుమ్మంలో మందు కోసం బతిమాలిన గొంతు.

నిన్ననే పాపను అరటితోపులో పూడ్చారు. అప్పటినుంచి ఆ పిల్ల పేరు ఎవరి నోటా రాలేదు.

“ఆగండి! ఒక్క ప్రశ్న.”

ఆడపిల్ల గొంతు. రాళ్లు ఆగాయి.

అవ్వ మూటను ఇంకా గట్టిగా పట్టుకుంది. ఈ ప్రశ్నలు ఆమె ఎరిగినవే. ఈ ఏడు బడిలో కొత్త పాఠం పెట్టారు; దేన్నయినా నమ్మే ముందు ఎలా ఆలోచించాలో నేర్పే పాఠం. అది మొదలైన నాటినుంచి పిల్లలు ఆమె వాకిట చేరి, “ఎంతమందికి నయమైందవ్వా? తాగనివాళ్లకు నయం కాలేదా? లెక్క రాశావా?” అని ఆటపట్టించేవారు. చీపురు పుచ్చుకుని తరిమేది. వాళ్లలో ఒకతె తన అంతు చూడడానికే వచ్చిందనుకుంది.

“మందు తాగాక పోయింది, సరే. మందు వల్లే పోయిందని ఎలా తెలుసు?”

“రాత్రి తాగింది, తెల్లారేసరికి పోయింది! ఇంకేం తెలియాలి?”

“ఆ తెల్లవారుజామున కోడి కూడా కూసింది. దాన్నీ కొడతారా?”

ఎవరో కిసుక్కున నవ్వబోయి మింగేశారు.

“ఏడవాల్సిన రోజున ఎకసెక్కాలటే!” అంది ఒక ముసలి గొంతు.

“బడికి పంపినందుకు ఇదీ ఫలం,” అన్నాడు సలోంగో. “నిలబడే ఓపిక లేదు గానీ వాదనకొచ్చింది. తప్పుకోవే!”

అవ్వ పాకుతూ వచ్చి తలుపు సందులోంచి చూసింది. బక్కచిక్కిన వీపు. బడి గౌను మీద, చావింటివాళ్లు నడుముకు బిగించే నారబట్ట. చేతులు గుమ్మానికి అటూ ఇటూ చాచి ఉన్నాయి.

“పోల్చి చూడమని టీచరమ్మ చెప్పింది. అదే జ్వరంతో, అదే మందు తాగిన ఇంకొకరు ఏమయ్యారో చూడాలి.”

“ఇంకొకరా?” అన్నాడు సలోంగో. ఎత్తిన రాయి ఎత్తినట్టే ఉంది. “ఆ గిన్నెడు మందూ తాగింది అదొక్కతే. ఇంకెవరున్నారే?”

ఆ పిల్ల ఒక చేయి గుమ్మం మీంచి తీసి తన గుండెల మీద పెట్టుకుంది.

“నేనున్నాను నాన్నా, అదే జ్వరంతో; చేదుగా ఉందని, నువ్వు అటు తిరిగినప్పుడు, ఆ గిన్నెలో సగం నా చేత తాగించింది, నాతో ఒకే కడుపున, ఒకే రోజున పుట్టిన చెల్లి, నకాతో.”